కోళ్ల గూటికి ఎండ గొంగడి

కార్తీక పౌర్ణమి వెళ్లిందంటే చాలు, ఉప్పల్, నాచారం, నాగోల్ వైపు ఇళ్లలో నాలుగు కోళ్లు పెంచుకునే ఆడవాళ్లకు ఒకటే దిగులు. ఈ చలికి పిల్లలు నిలుస్తాయా, లేదా? పెద్ద కోడికి మన చలి ఒక లెక్క కాదు. ఒంటి నిండా ఈకలుంటాయి, కాళ్ల మీద కూర్చుని ముడుచుకుంటే రాత్రి గడిచిపోతుంది. పిల్లల సంగతే వేరు. ఒంటి మీద నూగు తప్ప ఏమీ ఉండదు. మొదటి వారం వాటి చుట్టూ 35 డిగ్రీల వేడి ఉండాలి. మన దగ్గర డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున మామూలుగా 14, 15 డిగ్రీలుంటుంది. కొన్ని రాత్రులు 10కి కూడా దిగుతుంది. 1946 జనవరిలోనైతే హైదరాబాదులో 6.1 డిగ్రీలు నమోదైందట. అప్పటి వాళ్లు కోడిపిల్లలను ఎట్లా బతికించుకున్నారో మరి!

ఇదివరకు దీనికి ఒక తేలిక మందు ఉండేది. అట్టపెట్టెలో ఊక పోసి, పైన 60 వాట్ల బల్బు వేలాడదీస్తే సరిపోయేది. ఇప్పుడు ఆ బల్బులు దొరకడం తగ్గిపోయింది. 2015లో ఉజాలా పథకం వచ్చాక ఇంటింటికీ ఎల్ఈడీ బల్బులు చేరాయి. కరెంటు బిల్లు తగ్గింది, సంతోషమే. కానీ ఎల్ఈడీ బల్బు వెలుగిస్తుంది గానీ వేడి ఇవ్వదు. పాత బల్బు తిన్న కరెంటులో ఎక్కువ భాగం వేడిగానే బయటికి వచ్చేది, కోడిపిల్లలకు కావలసింది అదే. మా వీధి చివర ఇంట్లో ఒక వదినగారు ఎంతో మురిపెంగా 20 వనరాజా పిల్లలను తెచ్చుకున్నారు. తొమ్మిది వాట్ల ఎల్ఈడీ పెట్టి, వెలుగు బాగానే ఉంది కదా అని పడుకున్నారు. నాలుగు రాత్రులకు 11 పిల్లలు పోయాయి. గుడ్లు అమ్మి చిన్నదాని ట్యూషన్ ఫీజు కట్టుకుందామని ఆమె లెక్క వేసుకున్నారు. ఆ పెట్టెను బయట పారేస్తూ ఆమె ఏడ్చిన తీరు చూస్తే ఎవరికైనా మనసు కలుక్కుమంటుంది.

కరెంటు లేకుండా, లేదా కరెంటు సగానికి తగ్గించి, ఎండతోనే గూటిని వెచ్చగా ఉంచుకునే పద్ధతి ఉంది. ఇది కొత్త సంగతేమీ కాదు. లదాఖ్‌లో లేహ్ దగ్గర సెక్మాల్ అనే బడి ఉంది. బయట నీళ్లు గడ్డకట్టే చలిలో కూడా, దక్షిణం వైపు అద్దాలు పెట్టి, మందమైన మట్టి గోడలు కట్టి, ఎండతోనే ఆ గదులను వెచ్చగా ఉంచుతున్నారు. అమెరికాలో ప్రిన్స్ వుడ్స్ అనే డాక్టరు 1924లోనే కోళ్ల గూళ్ల మీద పుస్తకం రాశాడు. ముందు భాగం దక్షిణానికి తెరిచి ఉంచి, ఎండా గాలీ రానిస్తే కోళ్లు జబ్బు పడవని ఆయన వాదన.

అయితే అక్కచెల్లెళ్లారా, వాళ్ల గూడు బొమ్మ చూసి అచ్చంగా అట్లాగే ఇక్కడ కట్టారో, మే నెలలో కోళ్లన్నీ చస్తాయి. వాళ్లకు చలి ఆరు నెలలు. మనకు గట్టి చలి నెలన్నర, మండే ఎండ మూడు నెలలు. పైకప్పుకు అద్దమో, తెల్ల ప్లాస్టిక్ రేకో వేసిన గూట్లో మే నెల మధ్యాహ్నం కోడి ఉడికిపోతుంది. 35 డిగ్రీలు దాటితేనే కోడి నోరు తెరిచి రొప్పుతుంది, 40 దాటితే ప్రాణం మీదికి వస్తుంది. కాబట్టి మనకు కావలసింది చలికాలంలో ఎండను లోపలికి పిలిచి, ఎండాకాలంలో గడప దాటనివ్వని గూడు. ఆ పని చేసేది ఒక్క చూరు. చూరు ఎంత పొడుగుండాలో చెప్పేది ఒక పుల్ల.

పుల్ల చెప్పే లెక్క

సరిగ్గా 12 అంగుళాల పుల్లను నేల మీద నిటారుగా గుచ్చండి. డిసెంబరు 21, 22 తేదీల్లో మధ్యాహ్నం పన్నెండుంబావుకు దాని నీడ కొలవండి. పదిన్నర అంగుళాలకు కాస్త అటూ ఇటూగా ఉత్తరం వైపు పడుతుంది. అంటే పొద్దు దక్షిణానికి బాగా వాలి ఉందన్నమాట. అదే పుల్లను మార్చి 21న చూస్తే నీడ నాలుగు అంగుళాలు కూడా ఉండదు. మే 9 ప్రాంతంలో అసలు నీడే పడదు. సూర్యుడు నడినెత్తిన ఉంటాడు. హైదరాబాదులో నీడ మాయమయ్యే రోజులు ఏడాదికి రెండు, మే 9, ఆగస్టు 3 దగ్గరదగ్గర. ఆ రెండింటి మధ్య మధ్యాహ్నపు పొద్దు మనకు ఉత్తరం వైపే ఉంటుంది. కాబట్టి గూటి ముఖం దక్షిణానికి పెడితే ఎండాకాలంలో మిట్టమధ్యాహ్నపు ఎండ లోపలికి తొంగి కూడా చూడదు. చలికాలంలో మాత్రం ఏటవాలుగా లోపలికి వచ్చి కూర్చుంటుంది. దేవుడు మన ఊరికి ఇచ్చిన వసతి ఇది, వాడుకోకపోతే ఎట్లా?

చోటు ఎంచుకోవడంలో మా అత్తమ్మ మాట ముందు చెప్పాలి. ఆమెకు దిక్కులు, డిగ్రీలు తెలియవు. "చలికాలం పొద్దు పొడవంగనే కోళ్లు ఏడ నిలవడతయో జూడు బిడ్డా, గాడనే గూడు గట్టు" అనేది. నాగోల్ ఇంకా ఊరుగా ఉండి, మూసీ పొడుగునా గడ్డి మళ్లు ఉన్న రోజుల నుంచి కోళ్లు సాకిన మనిషి. ఆ మాటలో ఎంత లెక్క ఉందో పుల్ల పెట్టి చూశాకే తెలుస్తుంది. డిసెంబరులో సూర్యుడు సరిగ్గా తూర్పున ఉదయించడు, బాగా ఆగ్నేయానికి జరిగి ఉదయిస్తాడు. రాత్రంతా చల్లబడిన కోడి ఆ మొదటి ఎండ ఎక్కడ పడితే అక్కడికే పోయి రెక్క చాపుతుంది.

వాస్తు చెప్పేవాళ్లు పశువుల కొట్టం వాయవ్యంలో ఉండాలంటారు. నమ్మకం ఉన్నా లేకున్నా ఇది మనకు బాగా కలిసొచ్చే మాట. వాయవ్యం మూలన ఉత్తరాన ఒక ప్రహరీ గోడ, పడమట ఒక ప్రహరీ గోడ ఉంటాయి. ఉత్తరపు గోడ చలిగాలిని ఆపుతుంది, పడమటి గోడ ఎండాకాలపు సాయంత్రం ఎండను ఆపుతుంది. తూర్పు, దక్షిణం తెరిచి ఉంటాయి. చిక్కల్లా మన ఇంటి నీడతోనే. డిసెంబరులో మధ్యాహ్నం పది అడుగుల గోడకు దాదాపు తొమ్మిది అడుగుల నీడ ఉత్తరానికి పడుతుంది. మెట్రో వచ్చాక, అంటే 2017 తర్వాత, మా వైపు ఖాళీ జాగాలన్నీ అపార్టుమెంట్లయ్యాయి. దక్షిణాన నలభై అడుగుల భవనం ఉంటే ముప్పై అయిదు అడుగుల దాకా నీడే. అట్లాంటి పెరట్లో ఈ గూడు పనికిరాదు. వాళ్లు మిద్దె మీద కట్టుకోవచ్చు. కానీ ఎండాకాలంలో స్లాబు పెనంలా కాలుతుంది కాబట్టి పైన పచ్చ వల పందిరి తప్పనిసరి.

గూడు కట్టే తీరు

పది పెట్టలకు ఆరడుగుల పొడవు, నాలుగడుగుల లోతు చాలు. పొడవు తూర్పు పడమరలుగా ఉండాలి. ముందు ఒక అడుగు ఎత్తు ఇటుక అరుగు కట్టించి, పైన షాబాద్ బండలు పరిపించండి. వానాకాలం నీళ్లు లోపలికి రావు, పందికొక్కులు తవ్వలేవు. పైగా బండ ఎండను పీల్చుకుని సాయంత్రం దాకా వెచ్చగా ఉంటుంది. సిమెంటు నేల అయినా ఫరవాలేదు. చెక్క నేల వద్దు, అది వేడిని దాచుకోదు.

వెనక, పడమట ప్రహరీ గోడలే ఉన్నాయి కాబట్టి ఆ ఖర్చు లేదు. తూర్పు వైపు రెండడుగుల ఎత్తు ఇటుక గోడ, దాని పైన జాలీ. ముందు వైపు ఒక అడుగు ఇటుక, దాని మీద మూడడుగుల ఎత్తు జాలీ, ఆ పైన చూరు కింద మరో అర్ధ అడుగు జాలీ. జాలీ కన్ను అర అంగుళం మించకూడదు. మూసీకి దగ్గర ఇళ్లలో పాముల భయం, ముంగిసల భయం రెండూ ఉన్నాయి. ఇక పిల్లుల సంగతి చెప్పేదేముంది.

పైకప్పు ముందు ఎత్తు, వెనక కాస్త పల్లంగా వాలాలి. ముందు చూరు గోడ దాటి సరిగ్గా ఒక్క అడుగు రావాలి. మేస్త్రీలు అలవాటు కొద్దీ రెండడుగులు వదులుతారు, ఒప్పుకోకండి. మాకు కట్టిన మేస్త్రీ "కోళ్లకు గింత లెక్కనా అమ్మా?" అని నవ్వాడు. అడుగు చూరుకు డిసెంబరు మధ్యాహ్నం నీడ పై నుంచి ఒక అడుగూ రెండు అంగుళాలే దిగుతుంది. మిగిలిన జాలీ అంతటి నుంచి ఎండ లోపలికి పోయి బండల మీద దగ్గరదగ్గర మూడడుగుల దాకా పరుచుకుంటుంది. ఉదయం తొమ్మిది ప్రాంతంలో వెనక గోడ దాకా పోతుంది. మార్చి ఆఖరుకు అదే చూరు నీడ మూడున్నర అడుగులు దిగి మొత్తం జాలీని కప్పేస్తుంది. రెండడుగుల చూరు వేశారో, డిసెంబరులో కూడా సగానికి పైగా జాలీ నీడలోనే ఉంటుంది. ఇంత కష్టపడి కట్టిందంతా వృథా.

కప్పుకు బెంగళూరు పెంకు మంచిది. రేకు తప్పదనుకుంటే దాని కింద తాటాకో, గోనె సంచులో కుట్టి బిగించండి. ఉత్త రేకు పగలు మండిపోతుంది, మబ్బు లేని రాత్రి ఉన్న వేడినంతా ఆకాశానికి వదిలేసి మంచులా చల్లబడుతుంది. తెల్లవారుజామున రేకుల లోపలి వైపు నుంచి నీటిబొట్లు కారడం మీరూ చూసే ఉంటారు. ఆ బొట్లు కోళ్ల వీపుల మీద, ఊక మీద పడితే అసలు నష్టం అప్పుడు మొదలవుతుంది.

చలికాలం నాలుగు వారాల ముందు నుంచే ముందు జాలీకి, తూర్పు జాలీకి పలుచటి తెల్లని ప్లాస్టిక్ పరదా కట్టుకోవాలి. కర్రకు చుట్టి పైకీ కిందికీ దింపేటట్టు పెట్టుకుంటే సులువు. కూల్చిన ఇళ్ల దగ్గర పాత అద్దాల కిటికీలు దొరికితే ఇంకా మేలు. అద్దం అయినా ప్లాస్టిక్ అయినా చేసే పని ఒకటే. ఎండను రానిస్తుంది, లోపల వేడెక్కిన గాలిని బయటికి పోనివ్వదు. పొద్దు వాలుతుండగానే, అంటే అయిదింటికల్లా, ప్లాస్టిక్ మీదుగా గోనె పరదా దించాలి. ఇది మరిచిపోతే పగలంతా పోగేసింది రాత్రి తొమ్మిదింటికే ఖాళీ.

చూరు కింద అర్ధ అడుగు జాలీని మాత్రం ఏ పరిస్థితిలోనూ మూయకండి. చాలామంది చలి అని చెప్పి గూటిని డబ్బాలా బిగించేస్తారు. కోళ్ల ఊపిరి తేమ, రెట్ట నుంచి వచ్చే ఘాటు వాయువు లోపలే నిలిచిపోతాయి. తెల్లారి గూడు తలుపు తీయగానే కళ్లు మండాయంటే రాత్రంతా ఆ కోళ్లు ఏం పీల్చాయో ఊహించుకోండి. ముక్కు కారడం, గురక రావడం అక్కడి నుంచే. నన్నడిగితే చలి కంటే చెమ్మే ఎక్కువ కోళ్లను చంపుతుంది. పొడిగా ఉన్న గూట్లో కోడి 10 డిగ్రీలను కూడా ఓర్చుకుంటుంది. తడి ఊకలో 18 డిగ్రీలకే నలిగిపోతుంది.

నల్ల డబ్బాలు

వేడిని దాచడంలో నీళ్లను మించినవి లేవు. కిరాణా షాపుల్లో, హోటళ్లలో 15 లీటర్ల ఖాళీ నూనె డబ్బాలు దొరుకుతాయి. నాలుగు తెచ్చి, కడిగి, బయట నల్లరంగు పూసి, నీళ్లు నింపి గట్టిగా మూత బిగించండి. బండల మీద ఎండ పడే చోట వరుసగా పెట్టండి. ఒక్కో డబ్బాలో నీళ్లు పగలంతా పది డిగ్రీలు వేడెక్కాయనుకుందాం. అందులో దాగిన వేడి 60 వాట్ల బల్బు మూడు గంటలు వెలిగితే వచ్చే వేడితో సమానం. నాలుగు డబ్బాలంటే పన్నెండు గంటలు! పొయ్యి లేదు, బిల్లు లేదు. రాత్రి నెమ్మదిగా ఆ వేడిని వదులుతుంటాయి. అంతా కోళ్లకే చేరుతుందని కాదు, కొంత గోడలకు, గాలికి పోతుంది. తెల్లవారుజామున గోడకు తగిలించిన థర్మామీటరులో బయటికీ లోపలికీ మూడు నాలుగు డిగ్రీల తేడా కనబడితే చాలు, గూడు పని చేస్తున్నట్టే. మబ్బు పట్టిన రోజు డబ్బాలు వేడెక్కవు. ఆ రాత్రి రెండు డబ్బాల్లో కాగిన నీళ్లు పోసి పెట్టుకోండి.

వెనక గోడకు దీపావళి ముందు జాజు పూయండి. మన వాకిళ్లలో అరుగులకు పూసే ఎర్ర జాజే. ముదురు రంగు ఎండను పీల్చుకుంటుంది. ఉగాదికి దాని మీదే సున్నం కొట్టేయండి. గూడు చల్లగా ఉంటుంది, గోడ పగుళ్లలో దాక్కునే కోడిపేలూ తగ్గుతాయి.

నేల మీద ఊక మామూలుగా రెండు మూడు అంగుళాలు పోస్తాం. చలికాలం నాలుగు అంగుళాలు పోసి, రోజు విడిచి రోజు పారతో తిరగేయండి. కోళ్లు కూర్చునే కర్ర రెండంగుళాల మందం ఉన్న చెక్కదై ఉండాలి. ఇనుప పైపు వేస్తే కాళ్లు కొంకర్లు పోతాయి.

ఇక పిల్లల విషయం. మొదటి రెండు వారాలు రాత్రిపూట ఎండ గూడు ఒక్కటే సరిపోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. 35 డిగ్రీలను తెల్లవార్లూ నిలబెట్టడం నల్ల డబ్బాల తరం కాదు. అన్నిటికన్నా నమ్మకమైనది పొదుగు మీదున్న నాటుకోడి. దాని ఒళ్లు 41 డిగ్రీల వేడి ఉంటుంది. రాత్రి చీకట్లో మెల్లగా ఎనిమిది, పది పిల్లలను దాని రెక్కల కిందికి తోస్తే తెల్లారేసరికి తన పిల్లలే అనుకుంటుంది. అందుకే వనరాజా, గ్రామప్రియ పెంచేవాళ్లు కూడా ఒకటి రెండు నాటు పెట్టలను ఉంచుకోవాలి. ఈ రెండు రకాలూ మన రాజేంద్రనగర్‌లోనే, 1988లో మొదలైన కోళ్ల పరిశోధన సంస్థలో తయారయ్యాయి. గుడ్లు, మాంసం విషయంలో నాటుకోడి కన్నా మేలే గానీ పొదుగు కూర్చోవడంలో మాత్రం నాటు పెట్టదే పై చేయి.

పెట్ట లేకపోతే పాత రకం వేడి బల్బునో, కోళ్ల సామాన్ల షాపులో దొరికే ఎర్ర దీపాన్నో రాత్రికి వాడక తప్పదు. ఊకకు, ప్లాస్టిక్‌కు అడుగున్నర దూరంలో, తీగతో కాక గొలుసుతో వేలాడదీయండి. పగలు తొమ్మిది నుంచి నాలుగు దాకా ఎండ గూట్లో పిల్లల పెట్టె పెడితే ఆ ఏడు గంటలు దీపం చాలావరకు ఆర్పేయవచ్చు. వేడి చాలిందా లేదా అని థర్మామీటరు కన్నా ముందు పిల్లలే చెబుతాయి. ఒకదాని మీదొకటి ఎక్కి కుప్పగా ఉంటే చలి. నోరు తెరిచి మూలలకు పోతే వేడెక్కువ. అక్కడక్కడా పరుచుకుని ఆడుకుంటుంటే సరిగ్గా ఉంది. వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ పోతే అయిదో వారానికి ఈకలు వచ్చేస్తాయి, తర్వాత గూడు చూసుకుంటుంది. ఏడో రోజు కంటిలో చుక్క వేసే కొక్కెర తెగులు టీకా మాత్రం మరవద్దు. పశువుల ఆసుపత్రిలో అడగండి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పటి భయం ఇంకా పోలేదు. బయటి నుంచి తెచ్చిన కొత్త కోడిని రెండు వారాలు విడిగా ఉంచాకే గూట్లో కలపండి.

గూడు వెచ్చగా ఉంది, అయినా గుడ్లు తగ్గాయేమని కొందరు అడుగుతారు. పెట్ట గుడ్డు పెట్టాలంటే రోజుకు పద్నాలుగు గంటల వెలుగు కావాలి. డిసెంబరులో మన పగలు పదకొండు గంటలే. ఎండ గూడు వెచ్చదనం ఇస్తుంది గానీ పగటిని పొడిగించలేదు. అక్కడ మాత్రం మన ఎల్ఈడీ బల్బు పనికొస్తుంది. తెల్లవారుజామున మూడున్నరకు వేసి, వెలుగు వచ్చాక ఆర్పేస్తే చాలు. అపార్టుమెంట్ల మధ్య ఉన్నవాళ్లు పుంజును పెంచకపోయినా నష్టం లేదు. పెట్టలు పుంజు లేకుండానే గుడ్లు పెడతాయి, పిల్లలు మాత్రం కావు. పక్కింటివాళ్ల నిద్రా చెడదు.

శివరాత్రికి చలి శివశివా అని పోతుందంటారు కదా, ప్లాస్టిక్ పరదా తీయడానికి అదే ముహూర్తం. ఒక్క వారం అశ్రద్ధ చేసినా మధ్యాహ్నాలు లోపల ఉక్క మొదలవుతుంది. నల్ల డబ్బాలను కూడా అప్పుడే బయటికి తీసి, నీళ్లు ముద్ద బంతులకో కరివేపాకుకో పోసేసి, బోర్లించి పెట్టండి. పరదాను సబ్బునీళ్లతో కడిగి, నీడన ఆరబెట్టి, చుట్టి అటక మీద పెడితే రెండు మూడు చలికాలాలు వస్తుంది. ఎండలోనే వదిలేస్తే ఏడాదికే పెళుసై చిట్లిపోతుంది.